ట్రాక్టర్ కనిపించేంత వెలుతురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే కారు లైట్లు మార్పించుకున్న ఆ రోజుల్లో నేను అరవకూడని మనిషి మీద అరిచాను. అరిచాక తెలిసింది, తప్పు మా ఇంట్లోదేనని.

మాది పుత్తూరు. ఇడ్లీ, పొంగలి, సాంబారు చేసి ఏర్పేడు దగ్గరున్న రెండు హాస్టళ్లకు ఇస్తాను. ఆరున్నరకల్లా అక్కడ గిన్నెలు దించాలి. ఆ పిల్లలు ఆకలికి ఆగరు, హాస్టల్ వాళ్లు అసలే ఆగరు. అందుకని నాలుగున్నర దాటేసరికి, ఇంకా చీకటి ఉండగానే, నా పాత చిన్న కారు డిక్కీలో సాంబారు క్యాన్లు, వెనక సీట్లో ఇడ్లీ డబ్బాలు ఎక్కించుకుని బయలుదేరుతాను.

ఇంట్లో నేను, మా అత్త, ఇద్దరమే. మా ఆయన పోయి ఐదేళ్లయింది. తిరుపతి నుంచి బైకు మీద వస్తూ, మునిమాపు వేళ, వడమాలపేట దాటాక రోడ్డు పక్కన నిలిపి ఉన్న చెరుకు ట్రాక్టర్‌ను గుద్దుకున్నాడు. ట్రాక్టర్ వెనక ఒక్క దీపం లేదు, ఒక్క ఎర్ర రేకు ముక్క కూడా లేదు. దాని గురించి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు. మాట్లాడకుండానే ఒకే కంచంలో దుఃఖం తిన్నాం.

అత్త నగరిలో నేతగాళ్ల ఇంట పుట్టింది. మోకాళ్లు మొరాయించేదాకా మగ్గం మీదే బతికింది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ పసుపు కుంకుమ పెట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. మగ్గం పోయింది గానీ అలవాటు పోలేదు. మా ఇంట్లోకి వచ్చిన మిక్సీకి బొట్టు, గ్యాస్ పొయ్యికి బొట్టు, ఫ్యానుకు రెక్క రెక్కకూ బొట్టు. నా మొదటి టచ్ ఫోనుకు సరిగ్గా నట్టనడుమ పెట్టింది. ఎవరు ఫోన్ చేసినా మొహం మీద కుంకుమతో కనిపించేవాళ్లు.

నలభై రెండేళ్లకు నేను కారు నేర్చుకుంటానంటే ఆమె వద్దనలేదు. సెకండ్ హ్యాండ్‌లో కారు తెస్తే దానికీ బొట్టు పెట్టింది. కానీ రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, కారు వెనక ఎర్ర లైట్లు వీధి మలుపు తిరిగేదాకా చూసేది. తర్వాత లోపలికి వెళ్లి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను ఏర్పేడు చేరి, "చేరినా అత్తా" అని చెప్పాకే కాఫీ తాగేది.

అసలు గొడవ మొదలైంది చెరుకు కోతల కాలంలో. ఒకరోజు వడమాలపేట దగ్గరే, ఎదురుగా నల్లగా ఏదో గోడలా ఉన్నట్టు అనిపించింది. బ్రేకు మీద నిలబడ్డాను. చెరుకు ట్రాక్టరే. నా కారు ముక్కుకూ దాని గడల చివరలకూ మధ్య నిండా జానెడు కూడా లేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. ఏడుపు అయ్యాక దిగి, ఆ డ్రైవర్‌ను వాడి ఏడు తరాలు గుర్తుండిపోయేలా తిట్టాను. నిజం చెప్పాలంటే తప్పు వాడిది ఒక్కడిదే కాదు. నా కారు లైట్లు గుడ్డి దీపాలు. వాటి వెలుతురులో రోడ్డు కనిపించదు, రోడ్డు ఉండాలి కదా అనుకుని నడపడమే.

అత్తకు చెప్పకూడదనుకున్నాను. కానీ సాంబారు చెప్పేసింది. క్యాను మూత ఊడి డిక్కీ అంతా ఒలికిపోయి ఉంది. ఆమె చీపురు పట్టుకుని డిక్కీ తెరిచి, నా మొహం చూసి, "ట్రాక్టరేనా?" అని అడిగింది. అంతే.

సాయంత్రం మాత్రం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"కారు అమ్మేయ్ మ్మే."

"అమ్మితే తిండి?"

"ఈడనే వీధిలో ఇడ్లీలు అమ్ముకుందాం. నేను రుబ్బిస్తా. ఒకసారి సూసినా నేను. రెండోసారి సూడలేను."

ఆమె బాధ నాకు తెలుసు. కానీ హాస్టళ్ల పని పోతే మేం నిలబడలేం, అదీ నాకు తెలుసు. దానికి మించి ఇంకోటి. ఆ పొద్దుటి గంట, కిటికీ దించుకుని నా కారు నేను నడుపుకునే ఆ గంట, మా ఆయన పోయాక నాకు నేనుగా సంపాదించుకున్న ఒకే ఒక్క సంతోషం. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

"లైట్లు మార్పిస్తానత్తా. మంచివి వేయిస్తా. మళ్లా భయమైతే అప్పుడు అమ్ముదాం."

ఆమె చెయ్యి చాపింది. అందులో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. లైట్లతో ఇంకొక్కసారి ఇబ్బంది వస్తే, మాట లేకుండా కారు అమ్మేయాలి.

మరుసటి రోజు హాస్టళ్లకు గిన్నెలు దించి, అటునుంచి అటే తిరుపతిలో కారు సామాన్ల అంగడికి పోయాను. కౌంటర్ దగ్గరున్న మనిషి నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్ రాడు. కారు నాది, తోలేది నేను. సెప్పేదేదో నాకే సెప్పప్పా."

పాపం, అప్పటి నుంచి నాకే చెప్పాడు, ఊపిరాడకుండా చెప్పాడు. ఒక బోర్డు మీద రకరకాల బల్బులు బిగించి పెట్టుకుని ఒక్కొక్కటే వెలిగించాడు. ఎల్ఈడీ వెలిగించగానే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పట్టపగలు మాదిరి ఉంటాది మేడమ్!" అన్నాడు. లైటు చుట్టూ రింగులా వెలిగేది ఉందట. నీలం రంగుది ఉందట. బ్రేకు వేస్తే మిణుకుమిణుకుమనేది కూడా ఉందట.

"నేను పోయేది ఇడ్లీలు ఇచ్చేదానికి. పెళ్లి ఊరేగింపుకు కాదు."

అన్నానే గానీ, ఆ తెల్లటి ఎల్ఈడీ మీద మనసు పడింది. ట్రాక్టర్ కాదు కదా, చెరుకు గడ మీద చీమ కూడా కనిపించేలా ఉంది. దాదాపు కొనేశాను. ఎందుకైనా మంచిదని, ఎప్పుడూ నా కారు వైరింగు చూసే ఎలక్ట్రీషియన్‌ను ఒక మాట అడుగుదామని ఆగాను.

ఆయనది రేణిగుంట రోడ్డు పక్కన రేకుల షెడ్డు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. గొంతు పెంచడం ఎరగని మనిషి. నేను ఎల్ఈడీ గురించి గొప్పగా చెబుతుంటే అంతా విని, బానెట్ ఎత్తాడు.

"అది పెడితే నీకు బాగానే కనిపిస్తాదిమ్మా. ఎదురొచ్చేవాడి గతేంది? నీ కారు లైటు లోపలుండే గిన్నె పాత రకం బల్బుకని చేసింది. దాంట్లో ఎల్ఈడీ పెడితే వెలుతురు చెదిరిపోయి మీదికి కొడతాది. బైకులో వచ్చేవాడికి కళ్లు కనపడవు."

బైకులో వచ్చేవాడు. ఆ మాటతో నా ఎల్ఈడీ మోజు అక్కడికక్కడే చచ్చింది.

ఆయన అసలు జబ్బు చూపించాడు. లైటు బయటి అద్దం ఎండకు పసుపుబారి మసకేసింది. దాన్ని రుద్ది పాలిష్ చేయాలి. రెండోది, వైరు. "మిద్దె మీద కొళాయికి సన్న పైపు వేస్తే నీళ్లెట్ల వస్తాయి? అట్లనే ఉండాది ఈడ. రిలే అని ఒక స్విచ్చు పెట్టి, బ్యాటరీ నించి నేరుగా లావు వైరు లాగుతా. మంచి హాలోజన్ బల్బులు, అదే పాత రకమే, వేసుకుంటే చాలు." కాగితం మీద బల్బు రకం రాసిచ్చాడు. "తీసుకొచ్చేటప్పుడు గాజును చేత్తో ముట్టుకోవద్దమ్మా. కింద ఇనుము పట్టుకోవాల. గుర్తు పెట్టుకో" అని రెండుసార్లు చెప్పాడు.

గుర్తు పెట్టుకున్నాను. బల్బుల పెట్టెలు కొని కోడిగుడ్లు తెచ్చినంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాను. బంధువుల పెళ్లికి పోతున్నానని ఆయన మూడు రోజులాగి రమ్మన్నాడు. అంతదాకా పెట్టెలు ఎక్కడ పెట్టాలా అని చూసి, ఎవరూ కదపని చోటని దేవుడి అర మీద పెట్టాను. గాజు ముట్టుకోకూడదన్న మాట ఇంట్లో చెప్పాలని తోచనే లేదు.

ఆయన పెళ్లి నుంచి రాగానే పని మొదలుపెట్టాడు. అద్దం రుద్దడానికే ఒక పూట పట్టింది. మసక పోయి లోపలి గిన్నె తళతళలాడింది. బల్బులను మెత్తటి బట్టతో పట్టుకుని బిగించాడు. "ఒకదినం సరుకుతో రా. బరువుంటే కారు ముక్కు పైకి లేస్తాది, లైటు కూడా లేస్తాది. అప్పుడు సరిగ్గా కుదురుస్తా" అన్నాడు.

ఆ తర్వాతి తొమ్మిది రోజులు నా బతుకులో మంచి రోజులు. రోడ్డు పక్క మైలురాళ్లకు సున్నం వేసి ఉంటుందని అప్పుడే చూశాను. తలకు తువ్వాలు చుట్టుకుని పొలానికి పోయే మనిషిని అంత దూరం నుంచే గుర్తుపట్టి నెమ్మదించేదాన్ని. ఇంటికొచ్చి అవన్నీ అత్తకు చెప్పేదాన్ని. ఈరోజు కుక్క కనిపించింది, ఈరోజు గతుకు కనిపించింది అని. ఆమె విననట్టు బియ్యం ఏరుకునేది. మర్నాడు మాత్రం, "ఈ పొద్దు ఏం కనిపించింది?" అని తనే అడిగేది.

పదో రోజు, ఎదురుగా పాల వ్యాను వస్తుండగా, ఎడమ లైటు టప్పున ఆరిపోయింది.

ఒంటి లైటుతో ఏర్పేడు చేరాను. ఆదివారం కావడంతో షెడ్డు మూసి ఉంది. సోమవారం పొద్దున్నే, అత్త గేటు దగ్గరికి రాకముందే కారు తీసేయాలనుకున్నాను. కానీ ఆమె నాకంటే ముందే వచ్చి నిలబడింది.

"ఇంకో కన్ను యాడ పోయిందే?"

ఆమె గేటు మూసి గొళ్లెం పెట్టింది. ఆ పూట పక్క వీధి ఆటో ఆయన్ని నిద్ర లేపి, బతిమాలి, ఇడ్లీలు చేరవేశాను. తిరిగొచ్చేసరికి అత్త ఉతికిన చీర తీసి పెట్టుకుని ఉంది.

"సాయంత్రం నేనూ వస్తా. ఆయప్ప ఏం సెప్తాడో నా సెవుల్తో నేను ఇంటా. అట్లనే ఆడ కారు కొనేవాళ్లు ఎవురన్నా ఉంటే అడుగుదాం. ఒట్టు పెట్టినావు."

ఎలక్ట్రీషియన్ సరుకుతో రమ్మన్నాడు కదా అని క్యాన్లలో నీళ్లు నింపి డిక్కీలో పెట్టాను. అత్త వెనక సీట్లో ఇడ్లీ డబ్బాల పక్కన కూర్చుంది. నా కారు పోతోందన్న దిగులు కాస్తా రేణిగుంట చేరేసరికి కోపంగా మారింది. ఆ కోపమంతా ఆయన మీద కుమ్మరించాను.

"ఏమన్నా, పది దినాలకే పోయిందే! నా చెవిలో పువ్వు పెట్టినావా? నీ మాట నమ్మి ఒట్టు పెట్టినాను నేను!"

ఆయన ఆరిపోయిన బల్బు ఊడదీశాడు. వెలుతురుకు ఎత్తి పట్టి, నా ముందుకు తెచ్చాడు. గాజు ఒకచోట బొబ్బలా ఉబ్బి ఉంది. దాని మీద వేలి కొస అంత గోధుమరంగు మచ్చ.

"దీన్ని ఎవురో ముట్టుకున్నారమ్మా. నూనె చెయ్యి. నూనె తగిలిన కాడ గాజు శానా వేడెక్కి ఉబ్బిపోతాది."

నేను ఒంటికాలి మీద లేచాను.

"మా ఇంట్లో ఒక్క వేలు కూడా తగల్లేదు! కావాలంటే కాణిపాకం పోదాం రా. కోనేట్లో మునిగి ఆ వినాయకుడి ముందర ప్రమాణం చేస్తా. నువ్వు చేస్తావా? సెప్పు, నువ్వు చేస్తావా?"

మా వైపు ఆ మాటకు మించిన మాట లేదు. దాని తర్వాత ఇక స్నేహం ఉండదు. ఆయన మొహం వాడిపోయింది. చేతిలోని బట్టను మడత పెట్టి, "సామి పేరు ఎందుకులేమ్మా. నేను వేరేది వేసిస్తా" అన్నాడు మెల్లగా.

"మ్మే."

వెనక సీట్లోంచి అత్త గొంతు.

"ప్రమాణం సేయొద్దు. ముట్టుకునింది నేను."

డోరు పట్టుకుని నెమ్మదిగా దిగింది. దేవుడి అర మీద కొత్త పెట్టెలు చూసిందట. బొట్టు పెట్టమనే నేను అక్కడ పెట్టాననుకుందట. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను, దేవుడి అర మీద కొత్త వస్తువు పెడితే దాని అర్థమేమిటో నాకు తెలియాలి. అప్పుడే దీపం కుందిలో నూనె పోసి, ఆ వేలితోనే ఒక్కో బల్బుకూ కుంకుమ పెట్టింది. పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ చుక్క అడ్డమై నా దారిలో వెలుతురు తగ్గుతుందేమోనని కొంగుతో తుడిచేసింది. తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టింది.

"రెండిటికీ పెట్టినా నాయనా" అంది ఆయనతో.

ఆయన గబగబా రెండో బల్బు తీశాడు. దాని మీదా మచ్చ ఉంది, గాజు అప్పుడే ఉబ్బుతోంది. "ఇది రేపో ఎల్లుండో పోవాల్సిందే" అన్నాడు. రోడ్డు మధ్యలో రెండూ పోయి ఉంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు.

అత్త తన కుడిచేతి ఉంగరం వేలును చూసుకుంటోంది. తప్పు లైట్లది కాదని, ఒట్టు దీనికి వర్తించదని అందామని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

"అప్పా, ఒక మాట సెప్పు" అంది అత్త ఆయన్ని. "బైకుకు పెట్టినా లైటు పోతాదా? నా కొడుకు కొత్త బైకు తెచ్చినప్పుడు దాని లైటుకు నేనే బొట్టు పెట్టినాను."

ఆ ఇంట్లో నా పక్కనే కూర్చుని బియ్యం ఏరుకునే మనిషి, ఐదేళ్లు మోసిన బరువు చాలదన్నట్టు, ఆ రెండు నిమిషాల్లో ఇది కూడా నెత్తికెత్తుకుంది.

ఎలక్ట్రీషియన్‌కు మా ఆయన సంగతి తెలుసు. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"యాడ పెట్టినావు పెద్దమ్మా? బయట అద్దానికా, లోపల బల్బుకా?"

"బయట. లోపలేముంటాదో నాకేం తెలుసు?"

"బయట పెడితే ఏమీ కాదు. ఇదో, నా బండి సూడు." తన స్కూటర్ దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. దాని లైటు అద్దం మీద ఎండిపోయిన బొట్టు, అంచున చందనం. "మా ఇంటామె ప్రతి శుక్రవారం పెడతాది. ఏండ్లయింది. ఒక్కసారి కూడా పోలేదు. బయట అద్దానికి అంత వేడి ఉండదు పెద్దమ్మా."

"నిజంగా సెప్తాండావా? నా కోసరం సెప్తాండావా?"

"నిజంగానే. కావాలంటే కాణిపాకంలో సెప్తా" అని నా వైపు చూసి నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయింది అన్నా, మన్నించు అని అక్కడే అన్నాను. "ముందు పెద్దమ్మను బండెక్కించమ్మా. బరువు లేకుంటే లైటు కుదరదు" అన్నాడు.

షెడ్డులో ఉన్న కొత్త జత బిగించాడు. పొద్దు గూకుతుండగా ఎదుటి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, వెలుతురు ఆ గీత దాటకుండా స్క్రూలు తిప్పాడు. ఎదురొచ్చేవాడి కళ్లల్లో పడకూడదు, మన దారి మీద వెలుతురు తగ్గకూడదు. ఆ అరగంటా అత్త వెనక సీట్లో నిటారుగా, కొంచెమైనా కదలకుండా కూర్చుంది. తను కదిలితే లైటు మారిపోతుందని ఆమె భయం. చివరికి ఆయనే, "ఇంక ఊపిరి తీసుకో పెద్దమ్మా" అనాల్సి వచ్చింది.

కారు అమ్మే మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున క్యాన్లు ఎక్కించి చూస్తే, అత్త గేటు దగ్గరే ఉంది గానీ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, కారుకు దూరంగా గోడకు ఆనుకుని ఉంది. గేటు మాత్రం తెరిచి పెట్టింది. నేను లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చాను.

"రా అత్తా. పెట్టు."

"నా సెయ్యి వద్దు మ్మే."

"నువ్వు పెట్టకుంటే నేను కదలను. ఇడ్లీలు ఈడనే సల్లగైపోతాయి."

ఆమె కొంగుతో వేలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. వంగలేక వంగి, బయట అద్దం అంచున, అటొక చుక్క, ఇటొక చుక్క పెట్టింది. "పోయిరా" అంది.

వడమాలపేట దాటాక చెరుకు ట్రాక్టర్ కనిపించింది. రోడ్డు పక్కన నిలిపి ఉంది, దీపం లేదు. నెమ్మదించి, దాని వెనక ఆపి, ఎదుటి బండ్లు పోయేదాకా ఆగి, పక్క నుంచి దాటాను. కొంచెం ముందుకెళ్లి కారు ఓరగా నిలిపి ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తా, ఈ పొద్దు ట్రాక్టర్ కనిపించింది."

"ఎంత దూరం నించి?" అంది అత్త.

"మన గేటు కాడి నించి వీధి మలుపు ఎంత దూరముంటాదో, అంత దూరం నించి."

"అంత దూరం నించి కనిపిస్తే ఆపుకోవచ్చు గదా మ్మే?"

"ఆపుకోవచ్చు అత్తా. నేను ఆపినా."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఐదేళ్లలో మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి. తర్వాత ముక్కు చీదుకుని, "సాంబారు సల్లగైతాది, పో" అని ఫోన్ పెట్టేసింది.